అరువు గొంతు

భద్రాచలం నుండి గోదావరి వెంట ఎగువకు, దుమ్ముగూడెం దారిలో సుమారు 35 కిలోమీటర్లు పోతే పర్ణశాల వస్తుంది. అడవి అంచున వాగొడ్డు ఊరు. రాళ్ళ మీది రంగు చారలను చూపి, సీతమ్మ నారచీరలు ఆరవేసిన గుర్తులు ఇవేనని అక్కడివారు చెపుతారు. మాయలేడి కనిపించిన చోటు కూడ ఇదేనని వారి విశ్వాసం. స్థలపురాణంపై నమ్మిక ఉన్నవారు చేతులు జోడిస్తారు. లేనివారు సైతం ఆ చెట్ల ముందు కొంతసేపు మాటలు మాని నిలబడతారు. ఎందుకంటే ఆ కథలో అడవి వినిపించినది ఒక పిలుపు. బాణం తగిలి కూలిపోతూ మారీచుడు లేడి రూపం వదిలినాడు గాని, పోయే ప్రాణంతో రాముని గొంతు ఎత్తుకొన్నాడు. లక్ష్మణుడు అది అన్నగారి గొంతు కాదన్నాడు. సీత నమ్మలేదు. ఆ గొంతును పదమూడేండ్లు వనవాసంలో పగలూ రాత్రీ విన్న ఇల్లాలే మోసపోయినది.

గొంతును అరువు తెచ్చుకొని ఒక స్త్రీని నమ్మించడం అంత పాత సంగతి. అక్కడ దాని ఫలితం లంక, అశోకవనం, యుద్ధం. ఆ ఉపాయాన్నే పట్టణంలో రెండు మేడల మధ్యకు తెచ్చి, ఎదురెదురు కిటికీలలో నిలబెట్టి, ప్రేక్షకుని పొట్ట చెక్కలయ్యేటట్లు నవ్వించిన చిత్రం హిందీలో ఒకటున్నది. అది 1968లో వచ్చిన 'పడోసన్'. పడోసన్ అంటే పొరుగింటి పిల్ల. జ్యోతి స్వరూప్ దర్శకుడు, మెహమూద్, ఎన్. సి. సిప్పీ నిర్మాతలు, రాజేంద్ర కృష్ణ రచయిత, రాహుల్ దేవ్ బర్మన్ సంగీత దర్శకుడు.

కథ చెప్పుకొంటే నాలుగు మాటలే. భోలా అన్న అమాయకుడు బ్రహ్మచర్యాది ఆశ్రమాల లెక్క పుస్తకంలో చదివి, ఇరువదియైదేండ్లు నిండినవి గనుక గృహస్థాశ్రమం ప్రవేశించవలెనని నిశ్చయిస్తాడు. ముసలితనంలో మరో పెళ్ళికి ఉవ్విళ్ళూరే మేనమామతో పడక, అత్త ఇంటికి చేరుతాడు. పక్కింటిలో బిందు. ఆ పిల్లకు సంగీతమంటే ప్రాణం. ఆమెకు పాఠం చెప్పే పిళ్ళై మాస్టరు అప్పుడే ఆ గుమ్మం ఎక్కి కూర్చున్నాడు. భోలాకు అందమున్నది, మంచితనమున్నది, గొంతు మాత్రం లేదు. నాటక సమాజం నడిపే మిత్రుడు విద్యాపతి అతనికి సరిగమలు నేర్పబోయి విసిగి, చివరకొక ఉపాయం పన్నుతాడు. కిటికీ దగ్గర పెదవులు ఆడించేది భోలా. గోడచాటున పాడేది విద్యాపతి. ఎదుటి కిటికీలోని పిల్ల చెవులు అప్పగిస్తుంది, మనసు కూడ అప్పగిస్తుంది.

తెలుగు ప్రేక్షకునికి ఇది చూడగానే ఎక్కడో విన్న కథ అనిపించక మానదు. విన్నదే. 'పడోసన్'కు పదునైదేండ్లు ముందే, 1953లో, తెలుగులో 'పక్కింటి అమ్మాయి' వచ్చినది. రేలంగి నాయకుడు, అంజలీదేవి నాయిక, చిత్తజల్లు పుల్లయ్య దర్శకుడు. అయితే సొంతదారులం మనమేనని గొప్ప చెప్పుకొనడానికి వీలు లేదు. మూలం బెంగాలీ. అరుణ్ చౌధురీ వ్రాసిన చిన్న కథ ఆధారంగా సుధీర్ ముఖర్జీ దర్శకత్వంలో 1952లో 'పాశేర్ బాడీ' వచ్చినది. సలిల్ చౌధురీ సంగీతం కూర్చిన చిత్రమది. మరుసటి సంవత్సరమే కథ తెలుగులోనికి దిగినది. 1960లో తమిళంలో 'అడుత్త వీట్టుప్ పెణ్'గా వెళ్ళినది. అక్కడా పొరుగింటి పిల్ల అంజలీదేవియే. ఆ తరువాతనే అది హిందీ గడప తొక్కినది. అరువు గొంతు కథ తానే నాలుగు భాషల గొంతులు అరువు తెచ్చుకొని తిరిగినదన్నమాట.

బెంగాలీ కథ తెలుగు గడపకు రావడానికి కలకత్తా దారి కొత్తది కాదు. మద్రాసులో వసతులు చాలని రోజులలో తెలుగు వారు కలకత్తా పోయి చిత్రాలు తీసినారు. పుల్లయ్యగారు ఈస్ట్ ఇండియా ఫిలిం కంపెనీ పక్షాన అక్కడనే 1934లో 'లవకుశ' తీసినారు. బండ్లు కట్టుకొని జనం ఆ చిత్రానికి వచ్చిన కథలు తెలుగునాట పెద్దలు చెప్పుకొనేవారు. మరుసటి సంవత్సరం 'శ్రీకృష్ణ తులాభారం'లో రేలంగి వెంకట్రామయ్యకు మొదటి వేషమిచ్చినదీ ఆయనే. పద్దెనిమిదేండ్ల తరువాత ఆ శిష్యునికే నాయక వేషం కట్టినారు.

ఇక్కడ ఒక్క మాట. రేలంగిని భోలా స్థానంలో నిలిపినప్పుడు ప్రేక్షకుడు మొదటి నుండే నవ్వడానికి సిద్ధపడి కూర్చుంటాడు. 'పాతాళభైరవి'లో రాజుగారి బావమరిదిని చూసి నవ్విన జనం వారు. నవ్వుతూ నవ్వుతూ ఉండగా ఈ మనిషికి కూడ మనసున్నదే అన్న తలపు ఎప్పుడో మెల్లగా కలుగుతుంది. హిందీలో దారి ఇందుకు తలక్రిందులు. సునీల్ దత్ 'మదర్ ఇండియా'లో తుపాకి పట్టి ఊరిని వణికించిన కొడుకు. అటువంటి కథానాయకుడు జుట్టు నున్నగా దువ్వి, పెదవులు తప్పు తప్పుగా ఆడిస్తూ కిటికీలో నిలబడితే నవ్వు వేరే చోటు నుండి పుడుతుంది. ఏది మేలన్నది రుచిభేదం. అయినా గొంతు లేని ప్రేమికుని బాధ రేలంగి ముఖంలో మరింత నమ్మదగినది. అతడు గెలువడం ఆశ్చర్యం గనుక గెలవాలని ప్రేక్షకుడే కోరుకొంటాడు.

'పక్కింటి అమ్మాయి' వచ్చిన ఆ 1953వ సంవత్సరం గోదావరికి ఈ దరినున్నవారికీ ఆ దరినున్నవారికీ మరువరాని సంవత్సరం. అక్టోబరు 1న వరంగల్లు జిల్లా నుండి విడివడి ఖమ్మం ప్రత్యేక జిల్లా అయినది. సరిగ్గా ఆ రోజే మద్రాసు నుండి విడివడి ఆంధ్ర రాష్ట్రం అవతరించినది. భద్రాచలం అప్పుడు తూర్పు గోదావరి జిల్లాలోనిది. అంటే సారపాక రేవున నిలబడి చూస్తే ఎదుట రామాలయ శిఖరం కనిపిస్తుంది, కాని అది వేరే రాష్ట్రం. నడుమ గోడ లేదు, నది ఉన్నది. 1860లో నిజాం నుండి ఇంగ్లీషువారి చేతికి, నాగపూరు రాజధానిగా ఉన్న మధ్య పరగణాల క్రిందికి, 1874లో అక్కడ నుండి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు భద్రాచలం మారినది. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు ఖమ్మం జిల్లాలో చేరినవి. 1965లో నదిపై వంతెన వచ్చినది. అంతవరకు పొరుగింటికి పడవ మీద పోవలసిన జనం అప్పుడు నడిచిపోయినారు. 2014లో పట్టణం ఒక రాష్ట్రంలో, చుట్టునున్న పల్లెలు మరొక రాష్ట్రంలో పడినవి. ఎటపాకకూ భద్రాచలానికీ నడుమ మళ్ళీ ఒక గీత వచ్చినది. ఇంటిపేరు మారకుండానే ఇరుగుపొరుగులైనవారిని ఈ ప్రాంతం చాలమందిని చూసినది.

భాష సంగతి కూడ అట్టిదే. నిజాం ఏలుబడిలో ఖమ్మం వైపు కచేరీ భాష ఉర్దూ, బడి భాష ఉర్దూ. పడోసన్ అన్న మాటకు ఇక్కడ నిఘంటువు విప్పవలసిన పని లేదు. నదికి ఆవలి వారికి మద్రాసు పాలనలో ఆ మాట పరాయిది. చిన్నగూడూరులో పుట్టి ఖమ్మంలో చదువుకొన్న దాశరథి కృష్ణమాచార్య 1961లో గాలిబు గజళ్ళను 'గాలిబ్ గీతాలు'గా తెనిగించినారు. ఆ యేటనే సినిమా పాటల రచనకు పూనుకొని, తెలుగు పల్లవులలోనికి ఉర్దూ పలుకును ఏ తడబాటూ లేకుండ తెచ్చినారు. ఉర్దూ చదివిన చెవి, తెలుగు పాడిన నాలుక ఒకే మనిషిలో ఉన్న ప్రాంతం ఇది. హిందీ హాస్య చిత్రం ఇటువంటి చోట పరాయి పిల్లగా ఉండదు, పక్కింటి పిల్లగానే ఉంటుంది.

అయితే ఈ పక్కింటి పిల్ల ఒకచోట మనలను వెక్కిరిస్తుంది. అది పిళ్ళై మాస్టరు పాత్ర. పిలక, పంచె, విభూతి, హిందీని విరిచి మెలిపెట్టే ఉచ్చారణ, ఇవన్నీ వేసుకొని మెహమూద్ విరగబడి నటించినాడు. ఆ నటన సామర్థ్యాన్ని కాదనలేము. కాని దక్షిణాది సంగీత విద్వాంసుడంటే ఇట్టి వింతజంతువు అన్న ముద్రను హిందీ సినిమాలో అది బలంగా నాటినది. ఖమ్మంలోని ప్రేక్షకునికి ఆ చోట చిక్కే. విద్యాపతి మాటలు తెలిసేది అతనికే, పిళ్ళై పాడే స్వరకల్పన తెలిసేదీ అతనికే. రామదాసు కీర్తనలు పుట్టిన గడ్డ ఇది. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న పదిహేడవ శతాబ్దంలో పాల్వంచ పరగణా తహశీల్దారుగా ఉండి గుడి కట్టించి, గోలకొండ చెరసాలలో పాడుకొన్న పాటలు ఈ ఊళ్ళలో ఇంటింటి సొత్తు. అట్టి సంప్రదాయానికి దూరపు బంధువైన మాస్టరును కోతిగంతులు వేయిస్తే నవ్వు వస్తుంది. నవ్వు సగంలో ఆగి, ఎవరిని చూసి నవ్వుతున్నామన్న శంక కూడ వస్తుంది.

ఆ శంక మరింత ఎక్కువయ్యేది పోటీ పాటలో. ఒక కిటికీలో పిళ్ళై, ఒక కిటికీలో భోలా. పిళ్ళైకి పాడినవాడు మన్నా డే. పినతండ్రి కె. సి. డే దగ్గర శిక్షణ ప్రారంభించి, ఉస్తాదుల వద్ద శాస్త్రం నేర్చినవాడు. భోలా వెనుక పాడినవాడు కిశోర్ కుమార్. గురుముఖంగా శాస్త్రీయ సంగీతం నేర్వనివాడు. సన్నివేశం ప్రకారం నేర్చినవాడు ఓడవలె, నేర్వనివాడు గెలువవలె. మన్నా డే ఓడినాడు, ఎంత అందంగా ఓడినాడంటే, వినేవానికి ఓటమి తెలియదు. ఆ పాట పల్లవి కూడ అరువే. 1941లో వచ్చిన 'ఝూలా'లో కిశోర్ అన్నగారు అశోక్ కుమార్ పాడినదానికి ఇది మెరుగులు దిద్దిన రూపం.

కిశోర్ కుమార్ విషయంలో మరొక విచిత్రమున్నది. 1958 నాటి 'రాగిణి'లో అతడు నటుడు. అందులో శాస్త్రీయ బాణీ పాట వచ్చేసరికి తెరపై కిశోర్ పెదవులు ఆడించినాడు, వెనుక మహమ్మద్ రఫీ పాడినాడు. గాయకుడే మరొక గాయకుని గొంతు అరువు తీసికొన్నాడు. పదేండ్ల తరువాత విద్యాపతి వేషంలో తాంబూలం నములుతూ, భోలా పెదవులకు పాట అందిస్తున్నప్పుడు ఆ పాత బాకీ తీర్చుకొంటున్నాడేమో అనిపిస్తుంది. రఫీ గొంతు భద్రాచలానికి కూడ ఒకసారి అరువు వచ్చినది. చిత్తూరు నాగయ్యగారు ఎన్నో కష్టాలకోర్చి తీసిన 'రామదాసు' 1964లో విడుదలైనది. అందులో కబీరు పాత్రకు వినిపించే గొంతు రఫీదే.

ఈ కథ నిజమైన కీలకం ఇదే. సినిమాలో పాడని నటుడు పెదవులాడించడం, కనిపించని గాయకుడు పాడడం రోజూ జరిగే పని. ప్రేక్షకుడు డబ్బిచ్చి ఆ మోసం కొనుక్కొంటాడు, అడగడు. 'పక్కింటి అమ్మాయి' ఆ పనినే కథ చేసి ప్రేక్షకుని ముందు పెట్టినది. అంతేకాదు, గోడచాటు మిత్రుని వేషం నిజమైన నేపథ్య గాయకుని చేతనే వేయించినది. 1953లో ఆ వేషం వేసినవాడు ఏ. ఎం. రాజా. రామచంద్రాపురంలో పుట్టిన ఆ మెత్తని గొంతువాడు రెండేండ్ల తరువాత 'మిస్సమ్మ'లో రామారావుకు పాడినాడు. 'మిస్సమ్మ' హిందీలో 'మిస్ మేరీ' అయినప్పుడు అక్కినేని వేసిన డిటెక్టివు వేషం కిశోర్ కుమార్‌కు దక్కినది. ఇద్దరు విద్యాపతులూ ఇట్లు ఒకే తెలుగు కథ రెండు రూపాలలో కూడ తగులుతారు.

తమిళంలో ఆ ఏర్పాటు తప్పినారు. మిత్రుని వేషం హాస్యనటుడు తంగవేలుకు ఇచ్చినారు. నవ్వుకు లోటు రాలేదు గాని, గాయకుడు మళ్ళీ చాటుకే పోయినాడు. తెలుగులో 1981లో కె. వాసు దర్శకత్వంలో 'పక్కింటి అమ్మాయి' తిరిగి తీసినప్పుడు చంద్రమోహన్ నాయకుడు, జయసుధ నాయిక. మిత్రుడు ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యం. అప్పటికే ఆయన పాటకే కాక మాటకు కూడ గొంతు ఎరువిచ్చినవాడు. 1976లో 'మన్మథలీల' తెలుగులో వచ్చినప్పటి నుండి కమలహాసన్ తెలుగులో మాట్లాడినది ఎక్కువగా ఆయన గొంతుతోనే. తెరపై గోడచాటున నిలబడి పాడే బాలును చూస్తే ప్రేక్షకునికి నటన అనిపించదు, ఆయన దినచర్య అనిపిస్తుంది.

బిందు మోసపోయినట్లు తెలిసిన ఘట్టం దగ్గర హిందీ చిత్రం కొంచెం తొందరపడినది. ఆమెకు కోపం వస్తుంది. ఆ కోపంలో భోలా మేనమామనే పెళ్ళాడతానంటుంది. భోలా చనిపోయినట్లు నటించడం, ఆమె గుండె కరగడం, పెళ్ళి కుదరడం చకచక జరిగిపోతాయి. కాని అంతవరకు ఆమె ప్రేమించినది ఎవరిని? ముఖం ఒకరిది, గొంతు ఒకరిది. పాట విన్నప్పుడు ఆమె కండ్లు భోలాపై ఉన్నవి, చెవులు విద్యాపతి దగ్గర ఉన్నవి. ఈ ప్రశ్న అడిగితే హాస్యం చెడుతుందని రచయిత భయపడినాడు కాబోలు. విద్యాపతి కూడ తన గొంతు ఒక పిల్ల మనసు గెలిచినదన్న సంగతి ఎక్కడా గుర్తుకు తెచ్చుకోడు. కిశోర్ కుమార్ ఆ వేషాన్ని అంత కొంటెగా వేసినాడు గనుక ఆ లోపం ఎవరి కంటా పడదు. పర్ణశాల కథను ఎరిగినవాడు మాత్రం ఇక్కడ ఆగుతాడు. గొంతును గుర్తుపట్టిన లక్ష్మణునికి ఆ రోజు దక్కినవి నిష్ఠురాలు.

అంజలీదేవి, రేలంగి మళ్ళీ కలిసిన చోటు ఒకటి చెప్పకపోతే ఈ ప్రస్తావన పూర్తి కాదు. పుల్లయ్యగారు తన 'లవకుశ'ను రంగులలో తిరిగి తీయ మొదలిడి, మధ్యలో ఆగిపోయిన దానిని కుమారుడు సి. ఎస్. రావు పూర్తిచేసినారు. అది 1963లో వచ్చినది. పక్కింటి అమ్మాయి అందులో సీత అయినది. ఆమెను కిటికీలో నుండి వలచిన రేలంగి రజకుని ఇంట తేలినాడు. 1953లో ఎవరి పాటకో పెదవులాడించి ఆమెను గెలిచినవాడు, పదేండ్ల తరువాత స్వంత నోటి మాటతో ఆమెను అడవికి పంపినాడు. దర్శకులు ఇది తలచి చేసినదని చెప్పడానికి లేదు. సినిమా పాత్రధారుల పట్టిక అప్పుడప్పుడు కవులకు తోచని చమత్కారాలు చేస్తుంది.

శ్రీరామనవమికి ముందు రోజు సాయంకాలం భద్రాచలంలో ఎదుర్కోలు ఉత్సవం జరుగుతుంది. అర్చకులు రెండు పక్షాలవుతారు. కొందరు పెండ్లికుమారుని వైపు, కొందరు పెండ్లికూతురి వైపు. మా పిల్ల గొప్పదని వీరు, మా పిల్లవాడు గొప్పవాడని వారు శ్లోకాలతో, చమత్కారాలతో వాదిస్తారు. రాముడు పలుకడు, సీత పలుకదు. వారి పక్షాన గొంతు ఎరువిచ్చేవారు పలుకుతారు, జనం నవ్వుతారు. అడవి పల్లెల నుండి వచ్చిన కోయవారు, ఖమ్మం వైపు నుండి వంతెన దాటి వచ్చినవారు, దిగువ గోదావరి నుండి వచ్చినవారు అందరూ నవ్వేవారిలో ఉంటారు. మరునాటి కల్యాణానికి రాలేనివారికి ఆకాశవాణి ఉండేది. ఎందరో ఇండ్లలో కూర్చుండి, ఉషశ్రీగారి వ్యాఖ్యానం విని ముత్యాల తలంబ్రాలు రాలడం చూసినారు. రేడియో పెట్టెలో పందిరి లేదు, పూలు లేవు. ఒక గొంతు ఉన్నది, పెళ్ళి కళ్ళకు కట్టినది.

'పడోసన్'లో కూడ చివరికి పెళ్ళి పందిరే. ఓడిపోయిన పిళ్ళై మాస్టరు కండ్ల నీళ్ళతో సన్నాయి ఊదుతాడు. విద్యాపతి, అతని సమాజం వారు ఎగిరి గంతులు వేస్తారు. తెలుగు పెళ్ళిళ్ళలో బంతులాట నాడు వరుని చేత ఒక పాట పాడించేదాక వదినెలు వదలరు. ఆ పందిట్లో భోలాను ఎవరూ పాడమనలేదు.